సెకండ్ షిఫ్టు తోట: చంద్రపూర్‌లో రాత్రి కోసం నాటిన చెట్లు

మన ఊరి పేరులోనే చందమామ ఉన్నాడని చిన్నప్పుడు బడిలో మాస్టారు చెప్తే మేము నవ్వేవాళ్ళం. ఊరంతా బొగ్గు, బూడిద, లారీలు. ఇందులో చంద్రుడెక్కడ?

కథ ఏంటంటే, బల్లార్‌పూర్‌లో ఉండే గోండు రాజు ఖాండ్క్యా బల్లాల్ షా ఒళ్ళంతా కురుపులతో బాధపడుతూ వేటకొచ్చి, ఝర్పట్ వాగులో ఒక గుంట నీళ్ళతో కడుక్కుంటే బాధ తగ్గిందట. అక్కడే అచలేశ్వరుడు వెలిశాడు. ఆ తర్వాత ఒకనాడు రాజుగారి కుక్కను ఒక కుందేలు తరమడం చూశారు. వేటకుక్కను కుందేలు తరమడం! ఆ కుందేలు నుదుటి మీద చంద్రుడిలా తెల్లమచ్చ ఉందని, అది పరుగెత్తిన దారి వెంటే కోటగోడ కట్టమని రాణి చెప్పిందని అంటారు. నిజానిజాలు వదిలేయండి. చందమామలో కుందేలుందని మనవాళ్ళు శశాంకుడు అన్నారు, ఇక్కడివాళ్ళు కుందేలు మీదనే చందమామను పెట్టారు. జట్‌పురా గేటు నుంచి పఠాన్‌పురా గేటు దాకా ఊరు చుట్టూ ఉన్న ఆ గోడ పక్కనుంచి బస్సులో పోయినప్పుడల్లా నాకు ఈ కుందేలు గుర్తొస్తుంది.

ఇప్పుడిదంతా ఎందుకంటే, తుకుంలో మన ఇంటి వెనక ఉన్న ఖాళీ జాగా గురించి ఆరు నెలలుగా ఇంట్లో పంచాయితీ నడుస్తోంది. నలభై అడుగుల పొడవు, ముప్పై అడుగుల వెడల్పు. తమ్ముడేమో అక్కడ స్లాబు వేసి రెండు గదులు కట్టి కిరాయికి ఇద్దామంటాడు. పుణె నుంచి ఎస్టిమేటు కూడా పంపించాడు. బాపు మాత్రం తోట పెడతానంటున్నాడు. అదీ మామూలు తోట కాదు, పొద్దుగూకాక కూర్చునే తోట. బాపుకు కంటినరాల జబ్బు మొదలైంది, ఎండ పడదు. పడినా ఇక్కడి ఎండలో ఎవరు తిరుగుతారు? మే నెలలో 47 డిగ్రీలు దాటిన రోజులు మనకు కొత్త కాదు. పొద్దున ఎనిమిదికి తలుపులు మూస్తే మళ్ళీ రాత్రి ఏడింటికే తెరిచేది. ఏడాదిలో మూడు నెలలు మనం బయట బతికేది చీకట్లోనే.

ఈ జాగా సంగతి తేలేలోపు, రాత్రి తోట అనేది మన ఇంట్లోకి ఎక్కడినుంచి వచ్చిందో రాసిపెట్టాలనిపించింది. పిల్లలు ఇది బాపు పెన్షన్ తర్వాత పుట్టిన సరదా అనుకుంటున్నారు. కాదు, దీనికి అరవై ఏళ్ళ చరిత్ర ఉంది.

మనవాళ్ళు ఇటు ఎట్లా వచ్చారో ఒకసారి చెప్పుకోవాలి. ఈ జిల్లాలో బొగ్గు తవ్వకం 1871లో వరోరా దగ్గర సర్కారు గనితో మొదలైంది. అది 1906లో మూతపడింది, ఈలోపు బల్లార్‌పూర్ వైపు గనులు తెరుచుకున్నాయి. 1929లో కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యాక మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి పడింది, మన ఊళ్ళ నుంచి బల్లార్షాకు రావడం రాత్రి ప్రయాణమంత సులువైంది. నిజానికి రైలు రాకముందే ఇక్కడ తెలుగు ఉంది. గోదావరి, ప్రాణహిత కలిసేచోట ఉన్న సిరొంచా 1874లో చాందా జిల్లాలో కలిసింది. వార్ధా నది అవతలి రాజురా నిజాం రాజ్యంలో ఆదిలాబాదు జిల్లా తాలూకా. 1956లో రాష్ట్రాలు విడగొట్టినప్పుడు అది అటునుంచి ఇటు వచ్చి, 1959లో చాందా జిల్లాలో చేరింది. కొన్ని కుటుంబాలు ఊరు కదలకుండానే ‘మహారాష్ట్ర తెలుగువాళ్ళు’ అయిపోయాయి. మా తాత మాత్రం కదిలి వచ్చినవాడే. మంథని దగ్గరి ఊరి నుంచి, ఒక ట్రంకు పెట్టె, ఒక చెంబు.

గనిలో మూడు షిఫ్టులు. తాతకు ఎక్కువగా సెకండ్ షిఫ్టు పడేది, సాయంత్రం నాలుగు నుంచి అర్ధరాత్రి పన్నెండు దాకా. దిగి, దీపం అప్పజెప్పి, స్నానం చేసి ఇల్లు చేరేసరికి ఒంటిగంట. ఆ టైముకు నిద్ర రాదట. భూమి లోపలి వేడిలోంచి, బొగ్గు వాసనలోంచి వచ్చిన మనిషి కాసేపు బయట కూర్చోవాలి. నాయనమ్మ క్వార్టరు వెనక బావి పక్కన నులకమంచం వేసి, దాని చుట్టూ మొక్కలు పెట్టింది. పగలు పూసేవి ఒక్కటీ పెట్టలేదు.

“పగటి పూలు ఎవలు చూస్తరే? మీ తాత పన్నప్పుడు పూసి, లేచేలోపు వాడిపోతయి,” అనేది.

బావి గట్టున రేరాణి. గోడకు సన్నజాజి. నీళ్ళు పారే కాలువ పక్కన చంద్రకాంత. వాకిట్లో పారిజాతం. ఇంకా తెల్ల నందివర్ధనం, దానికి వాసన పెద్దగా లేకపోయినా చీకట్లో కనిపిస్తుందని. ఇదీ మన ఇంటి మొదటి రాత్రి తోట. పక్క క్వార్టరు మరాఠీ ఆజీ దాన్ని చూసి తనూ పెట్టింది. రేరాణి ఆమెకు రాత్‌రాణీ, చంద్రకాంత గుల్‌బక్షీ, పారిజాతం ప్రాజక్త, సన్నజాజి జుయీ. గోడకు ఇటు ఒక పేరు, అటు ఒక పేరు, వాసన మాత్రం గోడ చూసుకోదు.

నాయనమ్మకు తెలియదు గానీ ఆమె చేసిన పనికి మన దేశంలో చాలా పాత వంశావళి ఉంది. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు మానసోల్లాసం అని ఒక పెద్ద సంస్కృత గ్రంథం రాశాడు. రాజు ఏం తినాలి, ఏనుగును ఎట్లా చూసుకోవాలి, సమస్తం అందులో ఉంటుంది. రాజు ఆడుకునే ఆటల జాబితాలో వనక్రీడ, ఉయ్యాల, నీళ్ళాటలతో పాటు జ్యోత్స్నాక్రీడ అని ఒకటుంది. అంటే వెన్నెల ఆట. మన ఓరుగల్లు కాకతీయులు మొదట ఈ చాళుక్యుల సామంతులే, కాబట్టి ఇది మనకు మరీ దూరపు చుట్టరికం కాదు. ఇంకా వెనక్కి పోతే వాత్స్యాయనుడు ఇల్లాలు పెరట్లో ఏం నాటుకోవాలో చెప్తూ మల్లిక, జాతి, నవమాలిక, నంద్యావర్తం అంటాడు. మధ్యలో ఎర్ర మందారం కూడా ఉంది, కానీ తెల్లపూలదే పైచేయి. నాయనమ్మ నందివర్ధనం అన్నదే ఆ నంద్యావర్తం.

తెల్లపూలే ఎందుకంటే దానికి సులువైన కారణం ఉంది. రాత్రి పూసే పూలకు తేనెటీగలు రావు, రెక్కల పురుగులు రావాలి. చీకట్లో ఎరుపు నల్లగా కనిపిస్తుంది, తెలుపు ఒక్కటే ఉన్న కాస్త వెలుతురునూ తిప్పి కొడుతుంది. దూరం నుంచి పిలవడానికి వాసన, దగ్గరికొచ్చాక దారి చూపడానికి తెలుపు. పురుగుల కోసం పెట్టుకున్న ఏర్పాటును మనుషులం వాడుకుంటున్నాం.

రాజుల తోటల్లో నాకు బాగా నచ్చింది ఆగ్రాది. తాజ్‌మహల్‌కు ఎదురుగా, యమున అవతలి ఒడ్డున మెహతాబ్ బాగ్ ఉంది. పేరుకు అర్థమే వెన్నెల తోట. చాలా కాలం అక్కడ షాజహాన్ నల్ల తాజ్‌మహల్ కట్టబోయాడని చెప్పుకునేవాళ్ళు. 1990లలో పురావస్తు శాఖ తవ్వి చూస్తే నల్ల తాజ్ లేదు, ఎనిమిది మూలల పెద్ద కొలను, అందులో 25 ఫౌంటెన్ల ఆనవాళ్ళు బయటపడ్డాయి. వెన్నెల రాత్రి ఆ కొలనులో తాజ్ నీడ చూడ్డానికి కట్టిన తోట అది. కాలవలు, అరుగులు అన్నీ దానికోసమే. పాపం, కట్టిన కొన్నాళ్ళకే నది ముంచేసింది. 1652లో ఔరంగజేబు తండ్రికి రాసిన ఉత్తరంలో మెహతాబ్ బాగ్ నీట మునిగి కళ తప్పిందని ఉంది. చక్రవర్తి ప్లానింగుకే వరద కొట్టిందంటే, మన ముప్పై అడుగుల జాగాలో మురికి కాలువ పొంగుతుందని భయపడ్డంలో తప్పేం లేదు.

ఢిల్లీ ఎర్రకోటలోనూ ఒక మెహతాబ్ బాగ్ ఉండేది. 1857 తర్వాత బ్రిటిష్ వాళ్ళు అక్కడ బారకాసులు కట్టారు. దాని పక్కన హయాత్ బఖ్ష్ బాగ్‌లో సావన్, భాదోన్ అని రెండు మండపాలు ఇంకా నిలిచే ఉన్నాయి. నీళ్ళు జారే చోట గోడలో చిన్న చిన్న గూళ్ళు. పగలు ఆ గూళ్ళలో పూలకుండీలు పెట్టేవారు, రాత్రి దీపాలు. జారే నీటి తెర వెనక దీపం. ఈ ఒక్క సంగతి బాపుకు చెప్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత “కరెంటు దీపం గాదు గదా?” అని అడిగాడు.

మన హైదరాబాదు కూడా ఈ వరసలో ఉంది. దక్కనీ ఉర్దూ కవిత్వంలో తోటలు, అత్తర్లు, రాత్రి పూల గురించి ఎంత ఉందంటే, అలీ అక్బర్ హుసేన్ అనే పరిశోధకుడు తోటల పరిమళం మీద ఒక పుస్తకమే రాశారు. మౌలాలి గుట్ట కింద తోట మధ్యలో సమాధి ఉన్న కవయిత్రి మహలఖా బాయి (1768–1824) కలం పేరు ‘చందా’. మన జిల్లా పాత పేరు కూడా అదే. ఇద్దరికీ సంబంధం లేదు, ఊరికే చెప్పాను. బయటి దేశాల సంగతికొస్తే ఇంగ్లండులో వీటా శాక్‌విల్-వెస్ట్ అనే రచయిత్రి సిస్సింగ్‌హర్స్ట్‌లో 1950 ప్రాంతంలో అన్నీ తెల్లపూలతో సంధ్యవేళ కోసం ఒక తోట వేసింది. తోటల పుస్తకాలన్నీ రాత్రి తోట ఆవిడతోనే మొదలైనట్టు రాస్తాయి. నాకైతే నాయనమ్మే ముందు.

ఒక విచిత్రం. నాయనమ్మ మొక్కల్లో సగం మనవి కావు. రేరాణి వెస్టిండీస్ వైపు నుంచి వచ్చింది. చంద్రకాంత దక్షిణ అమెరికాది. పూలకొట్లలో లిల్లీ అని అమ్మే నేలసంపంగి, ఇక్కడి నిశిగంధ, మెక్సికోది. కుండీలో ఏడాదికోసారి అర్ధరాత్రి పూస్తే ఇరుగుపొరుగును పిలిచి హారతిచ్చే మన ఇళ్ళలోని ‘బ్రహ్మకమలం’ కూడా ఆ వైపు కాక్టస్ జాతే, హిమాలయాల అసలు బ్రహ్మకమలం వేరు. ఓడలెక్కి ఎప్పుడో వచ్చి, మనదైన పేరు పెట్టుకుని, పూజలోకి కూడా చేరిపోయాయి. పారిజాతం మాత్రం ఇక్కడి అడవిదే, ఈ ఎండు గుట్టల్లో దానంతటదే పెరుగుతుంది. ఇప్పచెట్టు కూడా. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాత్రి విచ్చుకుంటాయి, గబ్బిలాలు వస్తాయి, తెల్లారేసరికి చెట్టు కింద తెల్లగా రాలి ఉంటాయి. గోండు ఆడవాళ్ళు చీకటితోనే బుట్టలతో వచ్చి ఏరుకుంటారు. ఈ జిల్లాలో అసలైన రాత్రి తోట ఆ అడవే అనుకోవచ్చు, ఎవరూ ప్లాన్ గీయలేదు గానీ.

1973లో గనులు జాతీయమయ్యాయి, తాత జీతం పెరిగింది. బాపు కూడా గనిలోనే చేరాడు, మైనింగ్ సర్దార్ పరీక్ష పాసయ్యాడు. రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయాలి కదా. తుకుంలో ఇల్లు కట్టుకున్నాం. మేం వదిలిన ఏడాదిలోనే పాత క్వార్టర్ల వరస కూలగొట్టారు, బావి పూడ్చారు. నాయనమ్మ అప్పటికి లేదు. బాపు ఒకరోజు సైకిల్ మీద పోయి, మట్టికుప్పలోంచి రేరాణి కొమ్మలు నాలుగు విరుచుకొచ్చాడు. మూడు ఎండిపోయాయి. ఒకటి డబ్బాలో బతికింది. ఇప్పుడు వెనక జాగాలో ఉన్నది అదొక్కటే. తమ్ముడి స్లాబు ప్లానులో ఒక పిల్లరు సరిగ్గా దాని మీదే వస్తుంది. తమ్ముడికి ఆ సంగతి తెలియదు, ఎస్టిమేటులో చెట్టు గీయరు కదా.

చంద్రపూర్‌లో రాత్రి తోట పెట్టడం అంటే ఊరికే విత్తనాలు చల్లడం కాదు, ఇక్కడి కష్టాలు ఇక్కడివి. మొదటిది దుమ్ము. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్ర కాలుష్యం ఉన్న 43 పారిశ్రామిక ప్రాంతాల లెక్క తీస్తే అందులో మన ఊరు ఉంది. దండెం మీద ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఏమవుతుందో మీకు తెలుసు, తెల్లపూల గతీ అదే. కాబట్టి ఆకు నున్నగా ఉండి నీళ్ళు చల్లితే కడుక్కుపోయేవి కావాలి. నందివర్ధనం, పొగడ పరవాలేదు. పారిజాతం ఆకు గరుకు, దుమ్ము పట్టుకుంటుంది, అయినా దాన్ని ఎవరు వదులుకుంటారు? సాయంత్రం పైపుతో ఆకులు కడగడం ఒక పని అనుకోవాలి.

రెండోది వెలుతురు. 2920 మెగావాట్ల థర్మల్ కేంద్రం పక్కన ఉండి చీకటి కావాలనడం నవ్వొచ్చే మాటే. చిమ్నీల ఎర్రదీపాలు మా మేడ మీదికి కనిపిస్తాయి. వీధిదీపం సరిగ్గా మన ప్రహరీ మీద పడుతుంది. దానికి అడ్డంగా ఒక పొగడ చెట్టు నాటాలి, అది ఎదగడానికి ఏళ్ళు పడుతుంది. బాపు వయసు 66. ఆ లెక్క ఎవరూ పైకి అనలేదు.

మూడోది నవ్వులాట కాదు. తాడోబా అడవి మనకు దగ్గర. థర్మల్ కేంద్రం, దుర్గాపూర్ వైపు పులులు, చిరుతలు రావడం, మనుషులు చనిపోవడం అందరికీ తెలిసిందే. తుకుం దాకా రాకపోవచ్చు, కానీ మనిషి వంగితే కనిపించనంత గుబురు పొద ఇంటి వెనక పెంచొద్దని అమ్మ గట్టిగా చెప్పింది. పొదలన్నీ మోకాలి ఎత్తు, లేదంటే కింద కొమ్మలు కోసేసిన చెట్లు. మధ్యలో ఏమీ వద్దు. రేరాణికి పాములొస్తాయనే మాట కూడా వచ్చింది. పాము వాసనకు రాదు, తడికి కప్పలొస్తే కప్పల కోసం వస్తుంది. అందుకని మంచం దగ్గర తడి ఉండకూడదు.

నీళ్ళ సంగతి చెప్పకపోతే తుకుం అన్న పేరుకే అవమానం. గోండు రాజుల కాలంలో చెరువు తవ్వించినవాడికి ఆ నీటి కింద పారే భూమి రాసిచ్చేవారు, అలాంటి భూమిని తుకుం అనేవారు. ఊరి మధ్య రామాలా చెరువు కూడా ఆ రాజుల నాటిదే. చెరువు తవ్వితే భూమి దొరికిన చోట మనం ఇప్పుడు బోరు ఎన్ని అడుగులకు పడుతుందని అడుగుతున్నాం. చివరికి వంటింటి, స్నానాల నీళ్ళు ఒక గుంటలో ఇసుక, కంకర మీదుగా వడగట్టి మొక్కలకు మళ్ళించాలని తేల్చాం. తాగేనీళ్ళు ఒక్క తొట్టికే. ఆ తొట్టిలో రాత్రి విచ్చుకునే కలువ. దోమలకు గప్పీ చేపలు. చందమామను కలువల రేడు అన్న భాష మనది, కలువ లేకుండా వెన్నెల తోటేంటి?

ఇక బాపు ప్లాను. నేను కంప్యూటర్‌లో గీస్తానంటే వద్దన్నాడు. పెన్సిలు, స్కేలు తీసుకుని గని మ్యాపు గీసినట్టే గీశాడు. ముందు గాలి బాణాలు వేశాడు. “చీకట్ల మనిషికి కండ్లు పనిచెయ్యవు. గాలి ఎటునుంచి వస్తదో ముక్కు చెప్తది. గనిల అట్లనే తెలుస్తది,” అన్నాడు. ఎండాకాలం సాయంత్రం గాలి మనకు ఎక్కువగా పడమటి నుంచి వస్తుంది కాబట్టి వాసన మొక్కలు మంచానికి పడమర, కానీ రేరాణి మాత్రం అందరికంటే దూరం, దగ్గరుంటే తలనొప్పి. మల్లె మంచం పక్కనే. పారిజాతం తూర్పు మూలన, పొద్దున్నే రాలిన పూలు అమ్మ ఏరుకోడానికి.

దారికి దీపాలు వద్దన్నాడు. రెండు పక్కలా ఇటుకలు ఏటవాలుగా పాతి సున్నం కొట్టాలట. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు: గనిలో బొగ్గుదుమ్ము అంటుకుని పేలకుండా సున్నపురాయి పొడి చల్లుతారు, స్టోన్ డస్టింగ్ అంటారు. చల్లిన గ్యాలరీ తెల్లగా ఉంటుంది, టోపీ దీపం గుడ్డిగా ఉన్నా అడుగు ఎక్కడ వేయాలో కనిపిస్తుంది. ముప్పై ఏళ్ళు అట్లాంటి తెల్లగోడల మధ్య నడిచిన మనిషికి చూపు తగ్గుతున్నప్పుడు ఆ దారే గుర్తొచ్చింది. సున్నం ఏడాదికి రెండుసార్లు, దసరాకు ఒకసారి, ఉగాదికి ఒకసారి.

మొక్కలు మృగశిర కార్తెకు పెడితే వానలతో నాటుకుంటాయి. మొదటిసారి అందరం కూర్చునేది కోజాగిరి రాత్రి అనుకున్నాం, దసరా వెళ్ళిన ఐదోనాడు. పక్కింటి కాకాలు ఎప్పుడూ మేడ మీద పాలు మరగబెట్టి, కుంకుమపువ్వు వేసి, గిన్నెలో చందమామ కనిపించాకే తాగుతారు. ఈసారి మన జాగాలోనే అని చెప్పాం. మన బతుకమ్మలు నీళ్ళలో కలిసిన వారం లోపే వాళ్ళ కోజాగిరి వస్తుంది. రెండూ పొద్దుగూకాక చేసే పండుగలే, ఇన్నేళ్ళూ పట్టించుకోలేదు.

మొన్న ఆదివారం తమ్ముడికి ఆ ప్లాను ఫోటో తీసి పంపాను. బాపు దాన్ని గీసింది తమ్ముడి ఎస్టిమేటు కాగితం వెనకవైపే, తిరగేస్తే సిమెంటు, ఇనుము లెక్కలు లీలగా కనిపిస్తాయి. గంట సేపు జవాబు లేదు. తర్వాత ఫోన్ చేశాడు. కోపమేం లేదు గానీ కిరాయి నెలకు ఎంత పోతుందో ఇంకోసారి చెప్పాడు, అది నిజమే, నేను కాదనలేదు. బాపు కంటి మందుల ఖర్చులో సగం వాడే పంపుతున్నాడు, అట్లా అడిగే హక్కు వాడికుంది. చివరికి, ముందువైపు ఒక గది పైన వేసుకుందాం, వెనక జాగా ఒక మూడేళ్ళు ముట్టుకోవద్దు, తర్వాత చూద్దాం అన్నాడు.

ఫోను పెట్టేసే ముందు అడిగాడు: “ప్లాన్‌ల మంచాలు మూడే ఉన్నయి. నాది యాడ?”

బాపు కాగితం కళ్ళకు దగ్గరగా పట్టుకుని, కలువ తొట్టి పక్కన ఇంకో గీత గీశాడు. రేరాణికి చాలా దూరంగా. చిన్నప్పటి నుంచి వాడికి ఆ వాసన పడదు.